నాలుగు సంతకాల విమానం

సెలవు మీద గుంటూరు వచ్చిన రెండో రోజే బాబాయ్ పట్టుకున్నాడు, "ఏరా, జర్మనీలో యుద్ధ విమానాలు చేస్తున్నావంటగా" అని. నేనెక్కడ చేస్తాను మహాప్రభో! మాది విమానాలకు పైపులు చేసే కంపెనీ, నేను ప్రయాణికుల విమానాల సెక్షన్‌లో కొలతలు చూసేవాణ్ని. అద్దం తలుపు అవతల మిలిటరీ సెక్షన్ ఉంది, నా కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగి కుయ్యిమంటుంది. రోజూ నాతో భోంచేసే ఇటలీ అతను అటువైపే, నేను తలుపు దగ్గరికొస్తే చాలు, చేతిలో డ్రాయింగ్ తిరగేసి పట్టుకుని నవ్వుతాడు.

బాబాయ్‌కి నాలుగు దేశాలు కలిసి చేసే యుద్ధ విమానం, యూరోఫైటర్ సంగతి చెప్పాను. ముందు భాగం బ్రిటన్‌లో, నడుం జర్మనీలో, ఎడమ రెక్క ఇటలీలో, కుడి రెక్క స్పెయిన్‌లో చేస్తారు, పోనీ ఒకచోట బిగిస్తారా అంటే అదీ లేదు, ఎవరి విమానం వాళ్ల దేశంలోనే బిగించుకుంటారు. నాలుగు చోట్ల బిగింపు అంటే దండగే. కానీ ఏ ప్రభుత్వమైనా, తన జనం పన్ను డబ్బు పెట్టాక ఉద్యోగాలు పక్క దేశానికి పోతే ఊరుకుంటుందా? ఫ్రాన్స్ అయితే పెత్తనం దగ్గర తేడా వచ్చి 1985లోనే బయటికొచ్చేసి సొంతంగా రఫేల్ చేసుకుంది, మనం కొన్నది అదే.

అసలు చిక్కు బయటివాళ్లకు అమ్మేటప్పుడు, నలుగురిలో ఒక్కరు కాదన్నా బేరం ఆగిపోతుంది. సౌదీ ఇంకో 48 కావాలంది, బ్రిటన్ సరేనంది. 2018లో సౌదీ జర్నలిస్టు ఖషోగ్గి హత్య తర్వాత జర్మనీ అడ్డం తిరిగి, 2024 జనవరిలో గానీ మెత్తబడలేదు.

"మన కోల్డ్ స్టోరేజీ మిర్చి లాగన్నమాట" అన్నాడు బాబాయ్ ఠక్కున. తాతయ్య పొలం ఉమ్మడిది, పంట నలుగురి పేరా పెట్టారు, ధర బాగున్నప్పుడు పెద్దనాన్న సంతకం పెట్టలేదు. ఆ ఏడాది సంగతి ఎత్తితే ఇప్పటికీ ఈయన గొంతు మారుతుంది.

మనవాళ్లూ తక్కువేం తినలేదులెండి. సి-295 రవాణా విమానాలు 56 కొంటూ, 16 మాత్రం స్పెయిన్ నుంచి తెచ్చి, మిగతా 40 వడోదరలోనే చేయాలని పట్టుబట్టారు.

"గుంటూరులో పెట్టొచ్చుగా" అన్నాడు బాబాయ్. "అప్పుడు నువ్వు ఆ తలుపు అవతల ఉండేవాడివి."

అమ్మ వంటింట్లోంచే, "ముందు మీ అన్న చేత ఆ సంతకం పెట్టించుకో మరిదీ" అంది.