ఎక్స్220 ఒంట్లో ఎక్స్230 బోర్డు: 1197 దగ్గర పదకొండు రోజులు

దొరికింది! నిన్న రాత్రి పదకొండున్నరకి ప్రాసెసర్ వేగం చూపించే టర్బోస్టాట్ ప్రోగ్రాంలో 3093 మెగాహెర్ట్జ్ కనపడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పదకొండు రోజులుగా లోడ్ పెట్టిన ప్రతిసారీ ఆ చోట 1197 తప్ప ఇంకో అంకె రాలేదు.

నా పాత థింక్‌ప్యాడ్ ఎక్స్220 ల్యాప్‌టాప్ ఒంట్లోకి దాని తర్వాతి మోడల్ ఎక్స్230 మదర్‌బోర్డు బిగించాను. ఆ బోర్డు సికింద్రాబాద్ సీటీసీలో, అంటే అక్కడి కంప్యూటర్ల బజారులో, తెలిసినాయన దగ్గర దొరికింది. ఐ5-3320ఎం ప్రాసెసర్, ఫ్యాన్‌తో కలిపి 3,800 రూపాయలు. ఆర్టీసీ కార్గోలో శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి వచ్చేసింది. చాలామంది ఎక్స్230 ఒంట్లోకి ఎక్స్220 కీబోర్డు తెచ్చి బిగిస్తారు. నేను తిరగేసి చేశాను. నా 220కి ఐపీఎస్ తెర ఉంది, హింజులు ఇంకా గట్టిగా ఉన్నాయి, పైగా ఏడు వరసల కీబోర్డు దాని సొంత గూట్లోనే కూర్చుంటుంది, ఆకురాయితో పనిలేదు. ఇన్‌స్క్రిప్ట్ కీల అమరికలో తెలుగు కొట్టేవాళ్లకి ఆ కీబోర్డు విలువ తెలుస్తుంది. 2012లో ఎక్స్230తో ఆరు వరసలు వచ్చాక, ఎక్స్ సిరీస్‌లో అలాంటి కీబోర్డు మళ్లీ రాలేదు. అందుకే లోపలి బోర్డు మార్చాలనుకున్నాను కానీ ఒళ్లు మార్చాలని ఏనాడూ అనుకోలేదు.

బిగింపు ఒక్క పూట. తెర మొదటిసారే వెలిగింది. వైఫై, కెమెరా, యూఎస్‌బీ 3.0 అన్నీ బాగున్నాయి. పాత 1333 ర్యామ్ 1333 దగ్గరే నడుస్తోంది. కొత్త బోర్డుది మినీ డిస్‌ప్లేపోర్ట్ కాబట్టి పాత కంతలో దాని చుట్టూ ఖాళీ మిగిలింది, అంతే. కీబోర్డు కనెక్టర్‌లో బ్యాక్‌లైట్ పిన్నుల మీద వేడి తట్టుకునే కాప్టన్ టేప్ వేశాను. ఇక్కడ మామూలు సెలోటేప్ వాడొద్దు, మన ఉక్కకి నెల తిరక్కుండా జిగురు కారిపోతుంది.

ఇక అసలు తలనొప్పి.

మొదటి రెండు రోజులు యంత్రం గుర్రంలా పరిగెత్తింది. నాకు పాత తెలుగు పుస్తకాల పేజీలు స్కాన్ చేసి టెసరాక్ట్‌తో అక్షరాలుగా మార్చుకునే పని ఉంటుంది. వంద పేజీల కట్ట ఆరు నిమిషాల్లో అయింది. పాత బోర్డు మీద అదే కట్టకి ఏడు నిమిషాలు పట్టేది. వేడి మాత్రం 91 డిగ్రీలు చూపించింది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్ట్, బోర్డుతో వచ్చింది, ఎండిపోయి ఉంటుంది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న అదే కట్టకి పదహారు నిమిషాలు. రెండు కోర్లూ 1197 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయాయి. పదకొండు రోజులు దారి తప్పింది సరిగ్గా ఇక్కడే. ముందురోజు 91 చూసిన కళ్లు కదా, వేడే అని తీర్మానించేశాను. ఫ్యాన్ విప్పి, పాతది గీకి, ఎంఎక్స్-4 పేస్ట్ వేశాను. బజారులో ముప్పై రూపాయలకి దొరికే తెల్ల పేస్ట్ మీద నాకు నమ్మకం లేదు. అది ఏడాదికే సుద్దలా రాలిపోతుంది. 1197 దగ్గరే లోడ్‌లో వేడి 58 నుంచి 54కి దిగింది. వేగం మాత్రం ఒక్క మెగాహెర్ట్జ్ కదల్లేదు. గదిలో 33 డిగ్రీలున్నప్పుడు 54 అంటే చల్లగా ఉన్నట్టే. అక్కడే ఆగి ఆలోచించాల్సింది, కానీ హీట్‌సింక్ ఎత్తులో తేడా ఉందేమో, సెన్సర్ అబద్ధం చెబుతోందేమో అని ఇంకో రెండుసార్లు విప్పాను.

తర్వాత సాఫ్ట్‌వేర్ మీద పడ్డాను. లినక్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చాను: 1197. బయోస్‌లో (యంత్రం ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) వేగాన్ని పెంచి తగ్గించే స్పీడ్‌స్టెప్ ఆపి చూశాను, మళ్లీ పెట్టాను: 1197. వేరే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ ఎక్కించాను: 1197. ఈ చిప్‌కి 1.2 గిగాహెర్ట్జ్ అంటే కింది మెట్టు, అంతకన్నా దిగదు. దాన్ని ఎవరో కావాలనే ఆ మెట్టు మీద కూర్చోబెట్టి ఉంచారన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా లేవడం లేదంటే, కూర్చోబెట్టేది ఎంబెడెడ్ కంట్రోలరే (ఈసీ) అయ్యుండాలి, అంటే బోర్డు మీద కరెంటు, బ్యాటరీ, కీబోర్డు చూసుకునే చిన్న చిప్.

మరి దానికి ఏం నచ్చలేదు? ఛార్జర్ కొలిచాను. నా 65 వాట్లది లోడ్ లేకుండా 20.2 వోల్టులు, లోడ్‌లో 19.8. బాగానే ఉంది. డీసీ జాక్ కేబుల్ పాత 220దే వాడాను కదా, ఛార్జర్ ఎన్ని వాట్లదో బోర్డుకి చెప్పే మధ్య పిన్ తీగ తెగిందేమోనని బయటికి తీసి వంచి, మెలిపెట్టి చూశాను. ఎటు తిప్పినా 0.3 ఓమ్, అంటే తెగలేదు. గోడ దగ్గర పెట్టిన వాట్ మీటర్ లోడ్‌లో 24 వాట్లు చూపించింది. 65 వాట్ల ఛార్జర్ చేతిలో ఉండగా యంత్రం 24 దాటి తాగడం లేదు!

శనివారం మా బావ విజయనగరం నుంచి వచ్చాడు. వాడిది టీ430, కాబట్టి 90 వాట్ల ఛార్జర్ వాడి బ్యాగులోనే ఉంటుంది. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు: "ఏటి బావా, బ్యాటరీలో ఛార్జింగ్ ఎంతుందో చూసావా?"

సున్నా.

230 బోర్డు పాత తరం బ్యాటరీని ఒప్పుకోదని నాకు ముందే తెలుసు. ఆన్ చేసిన ప్రతిసారీ ఈ బ్యాటరీ ఛార్జ్ కాదని తెర మీద రాస్తుంది, నేను ఎస్కేప్ నొక్కి ముందుకెళ్లిపోతాను. ఛార్జింగ్ ఎక్కదంతే కదా అనుకున్నాను. బిగించిన రోజు దానిలో 60 శాతం దాకా మిగిలుంది. రెండో రోజు సాయంత్రం పిడుగులతో వానొచ్చి రెండు గంటలకు పైగా కరెంటు పోతే, ఆ మిగిలిందంతా అయిపోయింది. మూడో రోజు పొద్దున్నే 1197. ఈ రెండు సంగతులూ నా కళ్ల ముందే జరిగాయి, కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

బావ ఛార్జర్ గుచ్చాం. 3093! ఇది టర్బోలో, అంటే అవసరానికి మామూలు వేగం దాటినప్పుడు, రెండు కోర్లూ కలిసి అందుకునే 3.1 గిగాహెర్ట్జే. గోడ దగ్గర 57 వాట్లు, వేడి 84, వంద పేజీలు ఆరు నిమిషాలు. మళ్లీ నా 65 గుచ్చితే 1197. బ్యాటరీ పూర్తిగా తీసేసి 65 మీద పెట్టినా 1197, 90 మీద 3093. నాలుగుసార్లు మార్చి మార్చి చూశాం, ఒక్కసారీ తప్పలేదు.

నాకు అర్థమైనది ఇది. ప్రాసెసర్ ఒక్కటే 35 వాట్లది, టర్బోలో కాసేపు అంతకంటే ఎక్కువే లాగుతుంది. తెర, డిస్కు, యూఎస్‌బీలు దానికి అదనం. ఒక్కసారిగా లాగుడు పెరిగినప్పుడు ఆదుకోవడానికి బ్యాటరీ ఉంటే 65 వాట్లు సరిపోతాయి. బ్యాటరీ ఖాళీ అయితే ఛార్జర్ చతికిలబడి మెషిన్ ఠక్కున ఆరిపోయే ప్రమాదం ఉంది. అందుకే కంట్రోలర్ ముందుజాగ్రత్తగా కింది మెట్టు మీద కట్టేస్తోంది. లోపం అనుకుని నేను వెతికింది నిజానికి కాపలా. రుజువు మాత్రం ఇంకా సగమే. పాత బ్యాటరీని నింపి పెట్టి 65 మీద 3093 వస్తే అప్పుడు పూర్తవుతుంది.

90 వాట్ల ఛార్జర్ కొనేస్తే గొడవ వదులుతుందని బావ అన్నాడు. వేగం సంగతి వరకు నిజమే. కానీ ఈ తొమ్మిది సెల్లుల బ్యాటరీ కొని ఏడాది కాలేదు, 94 వాట్-అవర్లది, దాన్ని పారేయడానికి నాకు మనసొప్పదు. పై వరసలో కొన్ని కీలు కూడా తప్పుగా పడుతున్నాయి. రెండింటికీ మందు ఒకటే: మార్చిన ఈసీ ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్ లోపలి ప్రోగ్రాం. అది ఎక్కితే పాత బ్యాటరీనీ ఒప్పుకుంటుంది, ఏడు వరసల కీలూ సరిగ్గా పడతాయి. చిక్కల్లా బయోస్ వెర్షన్‌తోనే. బోర్డు 2.77తో వచ్చింది, అంత కొత్త వెర్షన్ మార్చిన ఈసీని ఎక్కనివ్వదు. ముందు పాత బయోస్‌ని చిప్పుల్లోకి నేరుగా రాయాలి. 220లో 8 ఎంబీ చిప్ ఒక్కటే, దీన్లో 8, 4 ఎంబీలవి రెండున్నాయి. చిప్పుల్లోకి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, దాన్ని చిప్‌కి తగిలించే క్లిప్ ఆర్డర్ పెట్టాను. నల్ల రంగు సీహెచ్341ఏల్లో డేటా పిన్నుల మీద 5 వోల్టులు వస్తాయి, ఈ చిప్పులు 3.3వి. కాబట్టి క్లిప్ తగిలించే ముందు మీటర్ పెట్టి కొలిచి, అవసరమైతే తీగ మార్చి 3.3కి తెస్తాను. ఒక్కో చిప్‌ని మూడేసిసార్లు చదివి, మూడు ఫైళ్లూ ఒకేలా ఉంటేనే రాయడం మొదలుపెడతాను.

ఇంకో ముడి కూడా ఉంది. ఈసీ ఎక్కించే ప్రోగ్రాం ఛార్జర్‌తో పాటు బ్యాటరీలోనూ ఛార్జింగ్ ఉండాలంటుంది. ఈ బోర్డేమో బ్యాటరీని నింపదు. అయితే పాత 220 బోర్డు బతికే ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, డీసీ కేబుల్, బ్యాటరీ రెండే తగిలించి నింపుదామని ఆలోచన. కేబుల్ ఒక్కటే ఉంది కాబట్టి మళ్లీ మొత్తం విప్పాలి. బ్యాటరీ నిండిన రోజే ఆ 65 వాట్ల పరీక్ష కూడా అయిపోతుంది. బావకి వచ్చే ఆదివారం ఛార్జర్ తిరిగి ఇచ్చేయాలి, ఈలోగా మిగిలిన నాలుగు వందల పేజీలూ లాగించేస్తున్నాను.