గానుగ ముందు బల్ల

2024 డిసెంబరులో మా గానుగ షెడ్డులోకి ఒక పాత బల్లను తిరిగి తెచ్చి వేశాను. ఆరడుగుల వేపచెక్క బల్ల అది. ఒక కాలి కింద రాతిపలక పెడితే గానీ కుదురుగా నిలవదు. 2017లో కదిరి దగ్గర మా ఊళ్ళో గానుగ పెట్టాలనుకున్నప్పుడు మొదట చేయించింది ఆ బల్లనే, గానుగ వచ్చింది ఆ తరువాతి వారంలో. 2021లో అట్టపెట్టెలు పేర్చడానికి చోటు చాలక దాన్ని బయటి చింతచెట్టు కిందికి నెట్టాము. అది అక్కడే మూడేళ్ళకు పైగా ఎండకు ఎండి, వానకు నానింది. ఆ కాలంలోనే నా వ్యాపారం బాగా పెరిగిందని ఊరంతా అనుకున్నది, నేనూ నమ్మాను.

బల్ల ఎందుకు చేయించానో చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి. ఆమె వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో గాండ్లవారి ఎద్దు గానుగ ఉండేదట. ఇంట్లో పండిన నువ్వులు మూటగట్టుకొని వెళ్ళి, ఆడించినంతసేపూ అక్కడే కూర్చొని, నూనెతోపాటు తెలకపిండిని కూడా ఒడిలో వేసుకొని వచ్చేదాన్నని ఆమె ఎన్నోసార్లు చెప్పేది. బెంగళూరులో పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి తిరిగి వచ్చినప్పుడు నా మనసులో ఉన్నది ఆ బొమ్మే. వేరుశనగ పండించే ఊళ్ళో ఉంటూ, సొంత కాయలను వ్యాపారికి అమ్మి, అంగట్లో ప్యాకెట్ నూనె కొనుక్కోవడం నాకు వింతగా తోచేది. ఎవరి గింజలు వాళ్ళు తెచ్చుకోవాలి, బల్ల మీద కూర్చొని కళ్ళారా చూసుకోవాలి, నూనె తీయగా మిగిలే పిండిని, అంటే వేడి చల్లారని చెక్కను, నూనె డబ్బాను వెంట తీసుకొని పోవాలి. నేను ఆడించిన కూలి తీసుకోవాలి. సాయంత్రం మూడు గంటలకు షెడ్డు మూసి బడి నుంచి మా అమ్మాయిని తెచ్చుకోవాలి. అంతకు మించిన ప్రణాళిక ఏదీ నాకు లేదు.

ఈ పనికి ఒక పంచాంగం ఉంది. మా వైపు వేరుశనగను జూన్, జులైలలో తొలకరికి విత్తుతారు, అక్టోబరు, నవంబరులలో పీకుతారు. కాయలు ఎండబెట్టి, ఒలిచి, గింజలు గానుగకు తెచ్చేసరికి డిసెంబరు వస్తుంది. అప్పటి నుంచి ఉగాది దాకా తీరిక ఉండదు. ఎండలు ముదిరాక పని పలచబడుతుంది. సరిగ్గా గానుగకు పని తగ్గే నెలల్లోనే మా నాయన వదిలిన ఐదెకరాల చేనికి పని పడుతుంది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఇంత చక్కగా అమరాయని మొదటి రెండేళ్ళు ముచ్చటపడ్డాను.

తెలియనివారి కోసం గానుగ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మాది మోటారు గానుగ, రోకలి మాత్రం దిరిసెన చెక్కదే. రోట్లో పది కిలోల గింజలు పోసి గుప్పెడు నీళ్ళు చిలకరిస్తే, నిమిషానికి పన్నెండు, పద్నాలుగు చుట్ల చొప్పున రోకలి తిరుగుతుంది. మొదటి పావుగంట పొడి, ఆ పైన ముద్ద, అరగంట దాటాక రోటి అంచున నూనె మెరుపు. అదే నువ్వులైతే కొంచెం బెల్లం వేస్తేనే ముద్ద కట్టి నూనె వదులుతుంది. పది కిలోల గింజలకు సుమారు నాలుగు కిలోల నూనె, ఐదున్నర కిలోల చెక్క వస్తాయి. లీటరు వేరుశనగ నూనె బరువు 910 గ్రాములే కాబట్టి నాలుగు కిలోలంటే దాదాపు 4.4 లీటర్లు. కిలోకూ లీటరుకూ మధ్యనున్న ఈ తేడా మీద మా షెడ్డులో జరిగినన్ని వాదాలు ఊరి రచ్చబండ మీద కూడా జరిగి ఉండవు. మడ్డి కిందికి దిగేదాకా రెండు మూడు రోజులు నూనెను ఎండలో పెట్టుకొమ్మని చెప్పి పంపుతాము.

2020లో కరోనా వచ్చి, గానుగ నూనె ఆరోగ్యానికి మంచిదన్న మాట ఫోన్లలో తిరగడం మొదలైంది. బెంగళూరులోని పాత సహోద్యోగులు ఐదేసి లీటర్లు పంపమన్నారు, వాళ్ళ అపార్ట్‌మెంట్లవాళ్ళు పదేసి అడిగారు. కాదనడం చేతకాక పంపాను. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత చిన్నదైనా జీఎస్‌టీ నమోదు తప్పదు కనుక అది చేయించాను. ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటేసరికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ చాలక లైసెన్సు తీసుకున్నాను. 2021లో, చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 35 శాతం రాయితీతో ఇప్పించే రుణం తీసుకొని మరో రెండు గానుగలు, సీసాలు నింపే యంత్రం కొన్నాను. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. అయితే రాయితీ ఉందన్న ఒక్క కారణంతో అవసరానికి మించిన యంత్రం కొనేవాళ్ళలో నేనూ ఒకడినని మాత్రం ఒప్పుకుంటాను. బల్ల చెట్టు కిందికి పోయింది ఆ నెలలోనే.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాలదే కావడంతో ప్యాకెట్ నూనె ధర ఎగిసి, గానుగ నూనెతో దానికున్న అంతరం తగ్గింది. ఆర్డర్లు ముంచెత్తాయి. ఆన్‌లైన్ అంగడిలోనూ మా సీసా ఎక్కింది. ఊరి కాయలు చాలక, ఎక్కడివో ఎప్పటివో తెలియని గింజలను వ్యాపారుల దగ్గర బస్తాలకు బస్తాలు కొన్నాను. పుల్లీ మార్చి గానుగ వేగం పెంచాను. అప్పటిదాకా గోరువెచ్చగా ఉండే చెక్క అరచేతిలో పట్టలేనంత వేడిగా రాసాగింది. మూడు రోజులు దిగాల్సిన మడ్డికి ఒక్క రోజే గడువిచ్చాను. చెక్కగానుగ నూనె అని సీసా మీద రాసినది అబద్ధం కాదు కానీ, ఆ మాట విని కొనేవాళ్ళు ఊహించుకున్న నూనె మాత్రం అది కాదు. హైదరాబాదు నుంచి ఒకరు నూనెలో మక్కు వాసన వస్తున్నదని సీసాను తిప్పి పంపారు. మూత తీసి చూస్తే ఆయన చెప్పింది నిజమే. నాకు తల తీసేసినట్లయింది.

చేను కౌలుకు ఇచ్చేశాను. షెడ్డు మూసేసరికి రాత్రి తొమ్మిది అయ్యేది. "బెంగళూరులో ఉన్నప్పుడు కనీసం శనాదివారాలైనా కనపడేవాళ్ళు" అని లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే మా ఆవిడ ఒకసారి అన్నది. గానుగెద్దుకు కళ్ళకు గంతలు ఎందుకు కడతారో నాకు అప్పుడు అర్థమైంది.

అయినా నన్ను నిలబెట్టింది ఆ మాట కాదు. 2023 జనవరిలో మా వీధి చివరనుండే అవ్వ ఒకామె పదిహేను కిలోల గింజలతో వచ్చింది. మొదటి ఏడాది నుంచీ సంక్రాంతికి ముందు తప్పకుండా వచ్చే మనిషి. మూడు గానుగలూ ఆర్డర్ల మీద ఉన్నాయి, వారం తరువాత రమ్మన్నాను. ఆమె కూర్చోవడానికి అటూ ఇటూ చూసి, చోటు కనపడక అట్టపెట్టె మీద చెయ్యి ఆనించి, "మా కాయలు మాకు ఆడించేదానికి కూడా తీరిక లేదా నాయనా నీకి?" అన్నది. మూట నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ రాత్రి మా ఆవిడా నేనూ కూర్చొని, అన్నింటినీ కలగలిపి కాకుండా ఒక్కో రకం అమ్మకానికి విడిగా లెక్క కట్టాము. ఇన్నేళ్ళు ఆ పని ఎందుకు చేయలేదో నాకిప్పటికీ తెలియదు. అప్పట్లో గింజలు కిలో 125 రూపాయలు, చెక్క కిలో 40. పది కిలోల గింజలకు 1,250 పెట్టి, చెక్క అమ్మగా వచ్చిన 220 తీసేస్తే, 4.4 లీటర్ల నూనెకు మిగిలే ఖర్చు 1,030. అంటే లీటరుకు 234. కరెంటు, కూలి 25. సీసా, లేబులు, అట్టపెట్టె 30. ఆన్‌లైన్ అంగడివాళ్ళ కమీషను, రవాణా 85, పన్ను 19. అమ్మిన ధర 400. మిగిలింది ఏడు రూపాయలు! దారిలో పగిలిన సీసాలు, బ్యాంకు కంతులు ఆ ఏడు రూపాయల్లోంచే పోవాలి. అదే సీసాను షెడ్డు దగ్గర 340కి ఇస్తే, కమీషను, రవాణా లేక, పన్ను 16 పోను 35 మిగులుతున్నది. ఇక ఎవరి గింజలు వాళ్ళు తెచ్చుకొని చెక్కను మాకు వదిలేస్తే, కరెంటు, కూలి పోను పది కిలోల ఒక్క వాయికి 110 మిగులుతున్నది. గింజల మీద నా పెట్టుబడి ఒక్క రూపాయి లేదు, సరుకు నిలవ లేదు, తిరిగొచ్చే సీసా లేదు. చాదస్తమనుకొని పక్కన పెట్టిన పనే, పెట్టిన డబ్బుతో పోల్చి చూస్తే, లెక్కల్లో అన్నింటికన్నా మెరుగ్గా నిలిచింది.

అయితే మరునాడే అన్నీ మానేయడం కుదరలేదు. ఆ పథకంలో రాయితీ సొమ్ము మూడేళ్ళపాటు బ్యాంకులో విడిగా ఉంటుంది. యూనిట్ నడుస్తూ, కంతులు సక్రమంగా కడుతూ ఉంటేనే ఆ తరువాత మన ఖాతాకు జమ అవుతుంది. అందుకని 2024 చివరి దాకా ఒక్కొక్క కొమ్మే నరుకుతూ వచ్చాను. ముందు ఆన్‌లైన్ అంగడి, తరువాత రెండు పట్టణాల డీలర్లు, చివరికి కొరియర్. నాలుగు వందల మంది పాత ఖాతాదారులకు ఫోనులో సందేశం పెట్టాను. కొందరు నొచ్చుకున్నారు, ఒకాయన అయితే పొగరు పెరిగిందన్నాడు. నా స్నేహితులు మాత్రం ఇక బెంగళూరు నుంచి సొంత ఊళ్ళకు వచ్చినప్పుడు దారిలో ఆగి తీసుకుపోతామన్నారు, తీసుకుపోతున్నారు కూడా. పుల్లీ పాతదే బిగించాను.

అన్నీ 2017లోకి వెనక్కి తిప్పానని చెబితే అది గొప్పలకు పోవడమే అవుతుంది. గింజల తేమ చూసే మీటరు ఆ పెద్ద వ్యాపారం రోజుల్లో కొన్నదే. ఎనిమిది శాతం దాటితే ఇప్పుడు మొహమాటం లేకుండా ఎండబెట్టుకొని రమ్మంటాను, ఎందుకంటే చెమ్మ గింజకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరితే గానుగ దాన్ని తీసేయలేదు. గింజలు లేని పట్నంవాళ్ళ కోసం వారానికి ఒక రోజు మా చేని కాయలతోనే ఆడించి, సీసాల్లో మూత వేసి అమ్ముతున్నాను. విడి నూనె అమ్మకాన్ని 2011 నాటి నిబంధనలు ఒప్పుకోవు కనుక డబ్బా తెచ్చి కొలిచి పొయ్యమన్నవాళ్ళకు ఆ సంగతి ఓపికగా చెప్పాల్సి వస్తుంది. కూలి కిలోకు 20 రూపాయలు, చెక్క మాకు వదిలితే కూలి లేదు. టర్నోవరు మూడో వంతుకు పడిపోయింది. ఇంటికి వచ్చేది కూడా తగ్గింది గానీ అంత కాదు. మా అమ్మాయిని బడి నుంచి తీసుకురావడానికి ఇప్పుడు సమయం ఉంది కానీ, ఆమె ఎనిమిదో తరగతికి వచ్చి సైకిల్ మీద తానే వస్తున్నది. మూడు గంటలకు షెడ్డు మూసి చేనికి పోతున్నాను.

సంక్రాంతికి ముందు ఆ అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమెకు చూపు తగ్గింది, కొడుకు దగ్గరికి ధర్మవరం పోతున్నానని చెప్పింది. ఆమె దగ్గరున్న నాలుగు కిలోల నువ్వులు తీసుకొచ్చి, బెల్లం వేసి ఆడించి ఇచ్చాను. నాలుగు కిలోలకు గానుగ సరిగ్గా తిరగదు, సగం నూనె రోటికే అంటుకుంటుంది. మా నువ్వులు మూడు కిలోలు కలిపానని ఆమెకు చెప్పలేదు. రెండో గానుగను ఒకరు కొనుక్కుపోయారు. మూడోదానికి ఇంకా బేరం కుదరలేదు, ఇప్పుడు చింతచెట్టు కింద టార్పాలిన్ కప్పుకొని ఉన్నది అది.