గోడ ఆరాకే గంధం రంగు

మాది అంబాజీపేట దగ్గర, కాలవ గట్టు పక్కనే ఇల్లు. హాలుకి లేత గంధం రంగు వేయించుకోవాలని ఎప్పట్నించో కోరిక. షాపులో బేజ్ అంటారు, మా మేస్త్రీగారు బిస్కెట్ రంగంటారు.

రెండేళ్ల క్రితం కార్తీకంలో ఒకసారి వేయించాం. సంక్రాంతి నాటికి నేల నుంచి మోకాలెత్తు దాకా పొక్కులొచ్చేశాయి. వేలితో నొక్కితే లప్పం (రంగు కింద నునుపుకి పూసే పుట్టీ) పెచ్చులుగా ఊడి, వెనక తెల్లటి ఉప్పు పొడి రాలేది. డబ్బు పోయిందని కాదు, ఎంతో ఇష్టపడి వేయించుకున్న గోడని అలా చూళ్లేక ఏడుపొచ్చింది.

ఈసారి వచ్చిన మేస్త్రీగారు డబ్బా మూత తియ్యకముందే చెప్పేశారు. "ఇప్పుడేస్తే నాకు కూలొస్తుంది గానీ, మీకు గోడ నిలవదండి. వేసవిలో కాలవలు కట్టేసి నీళ్లు ఆపాక చూద్దాం." మన కోనసీమలో భూమిలో నీరు చేతికందేంత పైనే ఉంటుంది కదా. ఆ నీరు ఇటుకల్లోంచి పైకి పాకుతుంది, ఉప్పుని వెంట తెస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది. మా అత్తయ్యగారి కాలంలో సున్నం వేసేవారు కాబట్టి చెమ్మ దాంట్లోంచే బయటికి పోయేది.

మార్చిలో మూడడుగుల ఎత్తు దాకా పాత ప్లాస్టింగు చెక్కించేశాం. ఇటుకలు బయటపడి ఉన్న హాల్లోనే చుట్టాలకి కాఫీలిచ్చాను. ఏప్రిల్లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలకి నీళ్లు ఆపాక, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి కొత్త ప్లాస్టింగు చేశారు. వారం రోజులు తడిపి, తర్వాత ఆరనిచ్చారు. చెమ్మ ఉందో లేదో చూడ్డానికి అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకి పెట్టి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలేయమన్నారు. మొదటిసారి లోపలి వైపు సన్నటి చెమట బొట్లు. మే చివర్లో మళ్లీ పెడితే కాగితం పొడిగా ఊడొచ్చింది. ఆ రోజు నా సంతోషం చెప్పలేను!

ఇక రంగు. షాపు కార్డు మీద నాకు నచ్చిన రంగు గోడ మీద పగలు ఆకుపచ్చగా కనపడింది. కిటికీ అవతల కొబ్బరి చెట్లూ అరటి చెట్లే కదా, ఆ ఆకుల మీంచి వచ్చే వెలుతురు పచ్చన. రాత్రి తెల్ల ట్యూబులైటు కింద అదే గోడ బూడిద రంగు. మూడు రంగులు మూరెడేసి పూయించి, పొద్దున్నా మధ్యాహ్నం దీపాల వేళా చూసుకున్నాను. చివరికి కాస్త ఎరుపు కలిసిన గంధం కుదిరింది. తెల్ల వెలుతురిచ్చే 6500 కెల్విన్ ట్యూబులు తీసేసి, పసుపు వెలుతురిచ్చే 3000 కెల్విన్ బల్బులు పెట్టించాం. ఇది మాత్రం అందరికీ చెప్తాను, బల్బులు ముందు మార్చుకోండి, రంగు తర్వాత ఎంచుకోండి.

ప్రైమరు, రెండు చేతులు లప్పం, సాండ్‌పేపరు, మళ్లీ ప్రైమరు, రెండు కోట్లు రంగు. డబ్బాకీ డబ్బాకీ తేడా రాకుండా అన్నీ ఒకే పెద్ద బకెట్లో కలిపారు. టేకు గుమ్మాలకి పాలిష్ తప్ప ఇంకేం వెయ్యనివ్వలేదు. ఆ గోడ పక్కన చెక్క గీతలు ఒక్కొక్కటీ తేలి కనపడుతున్నాయి.

స్నానాల గది వైపు గోడ మాత్రం ఇంకా ఆరలేదు. కాగితం పెట్టిన ప్రతిసారీ బొట్లే. దాన్ని సిమెంటుతోనే వదిలేశాం. వచ్చే ఏడు కాలవలు కట్టాక వేయిస్తాను. రంగు నంబరు క్యాలెండరు వెనక రాసి పెట్టుకున్నాను.