ఆడపురుగు తగ్గకుండా చూడటమే నా ఉద్యోగం

జర్మనీలో నేను పనిచేసే చోట బ్రాకన్ బదనికల్ని, అంటే గొంగళిపురుగుల్ని చంపే బుల్లి కందిరీగల్ని, పెంచి అమ్ముతారు. పిండిమిల్లులు, ధాన్యం గోడౌన్ల వాళ్లు కొనుక్కెళ్లి, పిండీ ధాన్యం తినే చిమ్మటల గొంగళిపురుగుల మీదికి వదులుతారు. మన కోనసీమలో అంబాజీపేట పరిశోధనా స్థానంలో, కొబ్బరాకు తినే నల్లముట్టె పురుగు (నల్లతల గొంగళి) కోసం పెంచేదీ ఇదే, అందుకే ఈ పనంటే నాకు ఇంటి పనిలా ఉంటుంది.

చూడటానికి చీమంత ఉంటుంది. ఆడది గొంగళిపురుగుని కుట్టి కదలకుండా పడేసి దాని పక్కనే, ఒంటి మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని తినేసి పెరుగుతాయి. మగది కుట్టలేదు. డబ్బా నిండా మగవే వస్తే కొన్నవాళ్ల డబ్బులు దండగే కదా. అందుకే షిఫ్టులో సగం టైము మైక్రోస్కోప్ దగ్గరే గడుస్తుంది: మీసాలు పొడుగ్గా ఉంటే మగ, పొట్టిగా ఉండి తోక దగ్గర ముల్లు కనిపిస్తే ఆడ.

మొన్న బాబాయ్ ఫోన్ చేసి, "మేం నలుగురు రైతులం కలిసి బ్రాకన్‌ని పెంచుదామనుకుంటున్నాంరా, ఒక జత తెచ్చుకుంటే చాలదా, అవే పెరుగుతాయిగా" అన్నాడు. చాలదు బాబాయ్ అన్నాను.

వీటిలో ఫలదీకరణ జరగని గుడ్డు మగదవుతుంది, అంటే అలాంటి మగపురుగుకి తల్లే తప్ప తండ్రి ఉండడు. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది కావాలంటే లింగాన్ని తేల్చే జన్యువు తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం రావాలి. రెండూ ఒకటే అయితే అదీ మగదే, కానీ అలాంటివి చాలావరకు గుడ్డులోనే చచ్చిపోతాయి, బతికినవాటి వల్ల సంతానం దాదాపు ఉండదు. వైటింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1943లో దీన్ని ఈ బ్రాకన్ మీదే వివరించాడు.

ఒక జత పిల్లల్లోనే అన్నాచెల్లెళ్లు కలిస్తే, సగం జతల్లో మగదాని రకం ఆడదాని రెండు రకాల్లో ఒకదానితో ఒకటే అవుతుంది. ఆ జతల్లో ఆడవి కావాల్సిన గుడ్లలో సగం పోతాయి. తరాలు గడిచేకొద్దీ రకాలు ఇంకా తగ్గి, పెంపకం మొత్తం దెబ్బతింటుంది. మా దగ్గర అందుకే వేరే చోట్ల పట్టిన పురుగుల్ని అప్పుడప్పుడు తెచ్చి కలుపుతారు.

రాజోలు వైపు, పి.గన్నవరం వైపు తోటల్లో దొరికినవి కూడా కలపమన్నాను. వాటిని పట్టాలంటే నల్లముట్టె పట్టిన మట్టలు దించాలి కాబట్టి, చెట్టెక్కి దింపు తీసేవాళ్లతో ముందే మాట్లాడతానన్నాడు బాబాయ్.