చామొమైల్ టీ కలిపిన తెల్ల బీరు

మొదటిసారి కాచిన పందొమ్మిది లీటర్లూ సింకులో పోసేశాను. అది బీరుకి చేదునిచ్చే హాప్స్ పూల చేదు కాదు. ఆరేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నాను, ఆ చేదు నాకు తెలుసు. ఇది నాలుక పక్కల పట్టేసే వగరు, పొయ్యి మీద మరిచిపోయిన టీ రుచి. తప్పెక్కడ జరిగిందో కూడా తెలుసు. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, నానబెట్టి తీసిన తీపి నీళ్లు మరుగుతుంటే, ఆఖరి పదిహేను నిమిషాలూ చామంతిలాంటి చామొమైల్ పూల టీ బ్యాగులు ఇరవై అందులోనే ఉంచేశాను. వాసనంతా ఆవిరితో పోయింది, వగరు మిగిలింది.

అయినా వదలబుద్ధి కాలేదు. నేనుండేది అమెరికాలో, టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో. ఈ తెల్ల బీరుకీ మా ఊరికీ సంబంధం ఉంది. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊళ్లో ఈ రకం కాచే చివరి బ్రూవరీ 1957లో మూతపడింది. ఆ పక్కనే పెరిగి, ఇంటింటికీ పాలు పోసిన పియెర్ సెలిస్, 1960ల్లో దాన్ని మళ్లీ కాచి బతికించాడు. తర్వాత ఆయనే టెక్సాస్ వచ్చి, 1992లో ఇక్కడ కూడా మొదలుపెట్టాడు. ఇందులో పడేవి మాల్టు చెయ్యని పచ్చి గోధుమ, ఎండు నారింజ తొక్క, ధనియాలు. బీరులో ధనియాలు వేస్తారని తెలిసిన రోజునే ఇది నేను కాచాల్సిన బీరు అనుకున్నాను.

ఈసారి పిల్స్‌నర్ మాల్టు రెండుంపావు కిలోలు, గోధుమ అటుకులు రెండు కిలోలు, ఓట్స్ పావు కిలో తీసుకుని 67 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాను. ఆ నీళ్లు మరిగేటప్పుడు సాజ్ రకం హాప్స్ 40 గ్రాములు. ధనియాలు మాత్రం ఇండియన్ షాపువే, కోలగా ఉండేవి. వాటిలో నిమ్మవాసన ఎక్కువ. 15 గ్రాములు చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి ఆర్పడానికి ఐదు నిమిషాల ముందు వేశాను. మెత్తగా పొడి చేస్తే వడకట్టడం నరకం.

జూన్ ఎండల్లో మా గరాజ్‌లో యీస్ట్ వేసి పులియబెట్టడం కుదరని పని. డబ్బాని బాత్‌టబ్‌లో నీళ్లలో నిలబెట్టి, పొద్దునా సాయంత్రం ఐసు కట్టిన సీసాలు మారుస్తూ 21 డిగ్రీల దగ్గర పట్టి ఉంచాను. పాలకొల్లు నుంచి వచ్చిన నాన్న రోజూ అక్కడ స్టూలేసుకుని కూర్చునేవారు. "కల్లు కుండ కూడా ఇలాగే బుసబుసలాడేదమ్మా" అన్నారు రెండో రోజు. గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే బీరు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, చక్కెర పులిసేకొద్దీ 1.048 నుంచి 1.011కి దిగింది. అంటే ఆల్కహాలు ఐదు శాతానికి కాస్త తక్కువ.

ఇక టీ. ఈసారి బ్యాగులు కాదు, విడిపూలు కొన్నాను. అచ్చం ఎండిన గడ్డిచామంతిలా ఉంటాయి. గ్రీకులో ఆ పేరుకి అర్థం నేల ఆపిల్ అట. వేలితో నలిపితే నిజంగానే ఆపిల్ తొక్క వాసన. లీటరు నీళ్లు మరిగించి, 80 డిగ్రీలకి దిగాక 40 గ్రాముల పూలు వేసి, మూతపెట్టి పది నిమిషాలుంచాను. ఉడికించిన గుడ్డలో వడకట్టాను, కానీ గట్టిగా పిండలేదు. పిండితే ఆ వగరే మళ్లీ వస్తుంది. పూలు తాగింది పోగా 800 మిల్లీలీటర్లు దక్కింది.

అంతా ఒకేసారి కలిపెయ్యకుండా నాలుగు గాజు గ్లాసుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున బీరు పోసి, పిల్లలకి మందు పట్టే సిరంజితో 2, 4, 6, 8 మిల్లీలీటర్ల టీ కలిపాను. రెండుకి ఏమీ తెలియలేదు. ఎనిమిది సబ్బు నీళ్లలా ఉంది. నాకు ఆరు నచ్చింది, నాన్నకి నాలుగు. "మింగాక రావాలి పువ్వు వాసన, ముందే రాకూడదు" అన్నారు. ఆయన మాటే విన్నాను. గ్యాసు పట్టాక వాసన ఇంకా పైకి లేస్తుంది కూడా. పద్దెనిమిది లీటర్లకి 720 మిల్లీలీటర్లు. దాంతోపాటు సీసాల్లో గ్యాసు పట్టడానికి 130 గ్రాముల చక్కెర కాసిని నీళ్లలో మరిగించి, చల్లార్చి కలిపి సీసాల్లో నింపాను. యాభై వచ్చాయి.

పద్నాలుగో రోజు మొదటిది తీశాం. మబ్బు పట్టినట్టున్న లేత పసుపు, పైన వేలెడు తెల్లటి నురగ. ముందు ధనియాలు, తర్వాత యీస్ట్ ఇచ్చే సన్నని లవంగం ఘాటు. మింగాక ఒక్క క్షణం ఆగి ఆపిల్, తేనె. నాన్న గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, ఏమీ అనకుండా ఇంకొంచెం పొయ్యమని నా వైపు చాచారు.

ఇంకో పది రోజుల్లో ఆయన వెళ్లిపోతారు. ఫ్రిజ్‌లో కింది అరలో పది సీసాల మూతల మీద "నాన్న" అని రాసి విడిగా పెట్టాను.