లైబ్రరీ పీరియడ్‌లో మూసీ వరద: నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక హైస్కూల్లో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. పిల్లలకు డిజిటల్ అక్షరాస్యత నేర్పాలనే మాట వచ్చినప్పుడు, అది కంప్యూటర్ ల్యాబ్ వాళ్ల పని అన్నారు అందరూ. నాకది లైబ్రరీ పనే అనిపించింది. టైపు చేయడం, వీడియోలు వెతకడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కణ్నుంచి తెచ్చారు అని అడగడం నేర్పాలి.

ఒప్పించడానికి చాలానే తిరగాల్సి వచ్చింది. "సిలబస్ ఎప్పుడవుతుంది మేడమ్?" అనేవారు. చివరికి సోషల్ టీచర్ తోడొచ్చారు. ఎనిమిదో తరగతికి 1908 మూసీ వరదల మీద ప్రాజెక్టు ఇచ్చి, వెతికే పని లైబ్రరీలో చేయిద్దామన్నారు. అలా వారానికో పీరియడ్ దొరికింది. ల్యాబ్‌లో మూలనపడ్డ పాత కంప్యూటర్లు తెచ్చి రీడింగ్ టేబుల్ మీద పెట్టించాం. ఒక్కోదాని ముందు నలుగురేసి కూర్చోవాలి. అదే మేలైంది, ఒకరు నమ్మేసినదాన్ని పక్కవాళ్లు ఊరికే వదలరు.

ముందు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. తలా ఒక పుస్తకం ఇచ్చి, లోపలి టైటిల్ పేజీ వెనకవైపు చదవమన్నాను. ప్రచురణకర్త, చిరునామా, మొదటి ముద్రణ ఏ ఏడు... ఆ పేజీని అంతకుముందు ఎవరూ చూసినట్టు లేదు. ఇప్పుడు వెబ్‌సైట్లలో ఇవే వివరాలు పట్టుకోండి అన్నాను. కొన్నింటిలో రాసినవాళ్ల పేరే లేదని వాళ్లే కనిపెట్టారు.

ఒకమ్మాయి ఇంటి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫొటో తెచ్చింది. కింద 'మూసీ వరద, 1908' అని ఉంది. గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే ఫొటో వేరే వేరే ఊళ్ల పేర్లతో వచ్చింది. ఎటూ తేలలేదు. ఇంతలో ఒకబ్బాయి ఫొటోను పెద్దది చేసి, "మేడమ్, మూలన అంబాసిడర్ కారుంది" అన్నాడు. ఆ కార్లు వచ్చిందే 1950ల చివర్లో!

ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు దగ్గర ఇంకా కష్టమైంది. ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చాలా సైట్లు చెబుతాయి. చదువుతుంటే వాక్యాలు కూడా ఒకటే. అన్నిచోట్లా ఉంది కాబట్టి నిజమే అన్నారు సగం మంది. ఒకరు రాసింది మిగతావాళ్లు ఎత్తిరాస్తే సాక్ష్యం ఒక్కటే కదా అని ఒకమ్మాయి అడ్డుపడింది. ఆ రోజంతా దాని మీదే వాదన. మొదట ఎవరు రాశారో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆ వరదల తర్వాత, మళ్లీ అలా జరక్కుండా కట్టిన జలాశయాలు ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయన్నది మాత్రం పుస్తకాల్లో సులువుగానే దొరికింది.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్ వంతు. మూసీ వరదల మీద పుస్తకాలు చెప్పమంటే రచయితల పేర్లతో సహా లిస్టు ఇచ్చింది. కొన్ని పేర్లు ఎంత వెతికినా ఎక్కడా కనిపించలేదు. ఆ లిస్టు పట్టుకుని పిల్లల్ని అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్లాలి. అది మూసీ ఒడ్డునే, ఉస్మానియా ఆసుపత్రి పక్కనే. బస్సు మాట్లాడాను, హెడ్‌మాస్టర్ గారి సంతకం కావాలి.