బొమ్మ ఏదండీ?

కాలవ గేటు చప్పుడుని చిత్రకళా ప్రదర్శనకి ఎక్కించడానికి నేను పడ్డ పాట్లివి. నిన్న సాయంత్రమే ఒప్పుకున్నారు గానీ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

రికార్డింగు తేలిగ్గానే అయిపోయింది. పీజో బిళ్లకి వైరు సోల్డర్ చేసి, ధవళేశ్వరం దిగువన లాకుల దగ్గర ఇనప చట్రానికి టేపేసి అంటించాను. మామూలు మైకు గాలిలో శబ్దాన్ని పట్టుకుంటుంది, ఇది ఇనుములో అదురుని పడుతుంది. నీటి ఒరవడికి గేటు అంతలా మూలుగుతుందని వింటేగానీ నమ్మరు. కాలవలు కట్టేయకముందే వెళ్లండి.

దరఖాస్తు దగ్గర మొదలైంది. మాధ్యమం: తైలవర్ణం, నీటిరంగు, శిల్పం, ప్రింటు. కొలతలు అంగుళాల్లో. నేను అవన్నీ వదిలేసి ‘ధ్వని, పన్నెండు నిమిషాలు’ అని రాసిచ్చాను.

“బొమ్మ ఏదండీ?” అన్నాడు బల్ల వెనకాయన.

“వినేదండీ.”

“ఆయ్, విందామండీ. గోడకేం తగిలించమంటారు?”

వరసంతా గొల్లుమంది. అందులో నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్న కుర్రాడు కూడా ఉన్నాడు, నావైపు చూడలేక ఫోన్లోకి తల దూర్చాడు. ఆయన అంతటితో ఆగితేనా! టేపు తెప్పించి నా స్పీకరు డబ్బాని పొడుగూ వెడల్పూ కొలిచి, “మైకుసెట్ల పోటీ ఇక్కడ కాదండీ” అన్నాడు.

2010లో బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పెద్ద గౌరవం టర్నర్ బహుమతి సూసన్ ఫిలిప్స్ పాడి వినిపించిన శబ్దానికే వచ్చిందని చెప్పాను. శబ్దంతోనే కళ చేసిన మాక్స్ న్యూహౌస్ 1977లో న్యూయార్కు టైమ్స్ స్క్వేర్‌లో ఇనప జాలీ కింద శబ్దం పెట్టి, బోర్డు కూడా కట్టలేదని చెప్పాను. “అది న్యూయార్కు కదండీ” అని తర్వాతి వాళ్లని పిలిచాడు. కళ గురించి కనీసం ఓ పూట చదువుకున్న మనిషిని ఆ కుర్చీలో కూచోబెడితే ఏం పోతుందో!

పాత ఇనుము కొట్లో తుప్పురేకు ఒకటి కొని, వెనకాల ఎక్సైటర్ (శబ్దానికి తగ్గట్టు అదిరే చిన్న పరికరం) బిగించాను. దాంతో రేకే స్పీకరవుతుంది. ఫొటో తీసి, అంగుళాలు రాసి, ‘శిల్పం’ దగ్గర టిక్కు పెట్టాను. అదే మనిషి మారుమాట లేకుండా ముద్ర కొట్టాడు. నిజం చెప్పాలంటే డబ్బాలోకన్నా రేకులోనే గేటు బాగా పలికింది, ఆ ఘనత ఆయనకి ఇవ్వను.

మీరూ ధ్వని పెడితే, దాన్ని హెడ్‌ఫోన్లలో వినిపించమంటే ఒప్పుకోకండి. ప్లగ్గు పాయింటు మాత్రం మీ పేరన ముందే రాయించుకోండి, లేకపోతే ఫ్యాను కోసం పీకేస్తారు.